బ్రేకు మీద మాస్టారి కాలు

ఆ రోజు డ్రైవింగ్ మాస్టారి కార్యక్రమం చాలా చిన్నది. టిఫిన్ తినాలి, లాండ్రీ అక్కయ్యను లైసెన్సు పరీక్షకు తీసుకెళ్లాలి, ఆవిడ పాసైతే సంతోషించాలి, ఫెయిలైతే ఓదార్చాలి. ఓదార్చడం ఇప్పటికే మూడుసార్లు అయింది కాబట్టి అందులో ఆయనకు బాగా చెయ్యి తిరిగింది.

మాస్టారి కారులో బ్రేకులు రెండు, క్లచ్చులు రెండు. నేర్చుకునేవాళ్ల కాళ్ల కింద ఒక జత ఉంటే, పక్క సీట్లో మాస్టారి కాళ్ల కింద ఇంకో జత ఉంటుంది. నేర్చుకునే మనిషి కంగారుపడి గోడ మీదికి పోతుంటే మాస్టారు తన బ్రేకు తొక్కి గోడనీ, కారునీ, అందరి పరువునీ కాపాడతారు. ఇరవై ఏళ్లలో ఆ కారుకి గీత పడలేదు. అందుకే వీధిలో ఆయనకి బ్రేకు మాస్టారని పేరు.

ఆయనకి తాగుడంటే ఒళ్లు మంట. కొత్త బ్యాచ్ మొదలైనప్పుడల్లా మొదటి పాఠం స్టీరింగ్ గురించి ఉండదు, తాగి నడపడం గురించి ఉంటుంది. "ఒళ్లు తెలియని మనిషి చేతిలో తాళం ఉండకూడదు. వాడు మీ మావగారైనా సరే, ముందు లాక్కోండి. కాళ్లు తర్వాత పట్టుకోవచ్చు" అని చెబుతారు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్లు తలలూపుతారు. వాళ్లకి కావలసింది గేర్లు మార్చడం. అయినా మాస్టారి పాఠం అయ్యేదాకా ఎవరికీ స్టీరింగ్ దొరకదు.

లాండ్రీ అక్కయ్యకి లైసెన్సు సరదా కోసం కాదు. ఆవిడా, ఆవిడ భర్తా కలిసి లాండ్రీ నడుపుతారు. పెద్దాసుపత్రి దుప్పట్లూ, పరదాలూ ఉతికి, ఇస్త్రీ చేసి, రోజూ వ్యానులో చేర్చాలి. వ్యాను నడిపే భర్తకి కంటి ఆపరేషన్ అయింది. డాక్టరు ఇంక స్టీరింగ్ జోలికి పోవద్దన్నాడు. సోమవారం నుంచి వ్యాను రాకపోతే ఆ పని ఇంకొకరికి ఇచ్చేస్తామని ఆసుపత్రి వాళ్లు చెప్పేశారు. ఇవాళ శుక్రవారం. ఇవాళ పాసైతే లాండ్రీ ఉంటుంది, లేకపోతే లేదు.

ఆవిడ అన్నీ బాగానే చేస్తుంది, వాలు దగ్గర తప్ప. పరీక్ష మైదానంలో ఒక ఎత్తు ఉంది. ఎక్కుతూ మధ్యలో ఆగాలి. మళ్లీ వెనక్కి జారకుండా కదలాలి. ఆ చోటుకి రాగానే ఆవిడ కాళ్లు రెండూ ఒకదానికొకటి పరిచయం లేనట్టు ప్రవర్తిస్తాయి. మూడుసార్లూ కారు వెనక్కి జారింది, ఆవిడ కళ్లలో నీళ్లు ముందుకి జారాయి.

ఇంత ముఖ్యమైన రోజున మాస్టారికి జలుబు పట్టుకుంది. లేచింది మొదలు ఒకటే తుమ్ములు.

"ఇలా తుమ్ముతూ ఆవిడ పక్కన కూర్చుంటే ఉలిక్కిపడి ఎవరి మీదో ఎక్కిస్తుంది. ముందు ఇది వేసుకోండి" అంటూ ఆయన భార్య అలమరాలోంచి ఒక మాత్ర తీసి ఇచ్చింది.

"నిద్రొస్తుందేమోనే?"

"మాత్రేగా! ఏమన్నా సారాయా?"

మాస్టారు నీళ్లగ్లాసు అందుకున్నారు. మింగేశారు. వీధి చివర మందుల షాపాయన ఈయన తుమ్ము విని షటర్ సగం ఎత్తి బయటికొచ్చాడు. "అయ్యో మాస్టారూ, ఇదేసుకోండి, ఇది ఇంకా పవరు. ఊరికే ఇస్తున్నా" అన్నాడు. ఆప్యాయంగా ఇచ్చినదాన్ని కాదంటే బాగుండదని మాస్టారు అదీ మింగారు. లాండ్రీ అక్కయ్య కారెక్కుతూనే ఆయన ముక్కు చూసి జాలిపడి, సంచీలోంచి భర్త దగ్గు సిరప్ తీసి మూత నిండా పోసింది. "మా ఆయన దీంతోనే లేచి కూర్చున్నారు మాస్టారూ" అంది. వాళ్లాయన దాంతో పడుకున్నాడో, లేచాడో ఆవిడకి సరిగ్గా గుర్తులేదు. మాస్టారు అదీ పుచ్చుకున్నారు. ఆయన మంచితనం అలాంటిది.

మొదటి కూడలి దాకా అంతా సవ్యంగానే సాగింది. తుమ్ములు ఆగిపోయాయి. తర్వాత మాస్టారికి లోకమంతా మెత్తబడ్డట్టు అనిపించింది. తల మెల్లగా గుండెల మీదికి వాలింది. ఒళ్లు సడలింది. సడలిన కాలు ముందుకి సాగి, అలవాటు కొద్దీ బ్రేకు మీద పడింది. కారు ఒక్క కుదుపుతో నిలిచి, ఇంజిన్ కూడా ఆగిపోయింది.

"క్లచ్చమ్మా, క్లచ్చు" అన్నారు మాస్టారు కళ్లు తెరవకుండానే. ఇరవై ఏళ్లుగా అంటున్న మాట, దానికి మెలకువ అక్కర్లేదు.

"సారీ మాస్టారూ" అంది అక్కయ్య, తప్పు తనదే అనుకుని. మళ్లీ స్టార్ట్ చేసింది. సిగ్నల్ దాటగానే మళ్లీ ఆగింది. బేకరీ ముందు మళ్లీ. ప్రతిసారీ ఆవిడ సారీ చెప్పడం, ఆయన క్లచ్చు అనడం, వెనక వాళ్లు హారన్ కొట్టడం. ఆవిడ గుండె జారిపోయింది. ఇన్నాళ్లూ వాలు మీదే రాదనుకుంది, ఇవాళ చదును మీద కూడా రావడం లేదు.

ఫ్లైఓవర్ ఎక్కుతుండగా కారు సరిగ్గా మధ్యలో ఆగిపోయింది. వెనక బస్సు ఉంది. కారు వెనక్కి జారుతున్నట్టే అనిపించింది. అక్కయ్య కెవ్వుమని హ్యాండ్ బ్రేకు లాగింది. అప్పుడే కిందికి చూసింది. మాస్టారి బూటు బ్రేకు మీద నిండుగా ఆని ఉంది.

ఆవిడకి విషయం అర్థమైపోయింది. అంటే, అర్థమైందని అనుకుంది. తన కాలు తప్పు చేయలేదు. మాస్టారే ఆపుతున్నారు. కావాలనే ఆపుతున్నారు. పరీక్షకి ముందు, సరిగ్గా వాలు మీద, సరిగ్గా తనకి రాని చోట ఆపి నేర్పిస్తున్నారు. కళ్లు మూసుకోవడం కూడా అందుకే, తను ఆయన మొహం వైపు చూసి ధైర్యం తెచ్చుకోకుండా! ఇంత జలుబులో కూడా నా కోసం ఎంత తాపత్రయపడుతున్నాడీ మహానుభావుడు అనుకునేసరికి ఆవిడ కళ్లు చెమర్చాయి.

మళ్లీ స్టార్ట్ చేసిన కుదుపుకి బూటు బ్రేకు మీంచి జారింది. క్లచ్చు సగమే వదిలి హాఫ్ క్లచ్ మీద ఉంచితే కారు వణికింది. హ్యాండ్ బ్రేకు మెల్లగా దించింది. కారు వెనక్కి జారకుండా ముందుకి పాకింది. నాలుగు గజాలు పోగానే బూటు మళ్లీ పడింది. ఆవిడ మళ్లీ కదిలించింది. బూటు మళ్లీ పడింది. వెనక ఊరు ఊరంతా హారన్లు మోగిస్తోంది. ఆవిడకి మాత్రం అవి చప్పట్లలా వినిపిస్తున్నాయి.

"వచ్చేసింది మాస్టారూ! ఇంకొక్కసారి తొక్కండి" అంది ఉత్సాహంగా.

"ఊఁ" అన్నారు మాస్టారు. తొక్కారు.

ఈలోగా జనం దిగారు. జనం దిగితే అభిప్రాయాలు కూడా దిగుతాయి.

"డ్రైవింగ్ స్కూలు కారే తాగి నడిపితే ఇంక నేర్పేదెవరండీ?"

"ఆవిడ కాదు, ఆయన. తల ఎలా ఊగుతోందో చూడండి."

"పక్కన కూర్చున్నాయన తాగితే మనకేంటి? నడిపేది ఆవిడ కదా."

"మా బావ తాగితేనే నిదానంగా పోతాడు. తాగనప్పుడే మాకు భయం."

"అయినా పొద్దున్నే ఎవరు తాగుతారండీ?" అన్నాడు ఒకాయన. "తాగేవాళ్లే" అని ఇంకొకాయన అనుభవంతో చెప్పాడు.

ఫ్లైఓవర్ మొదట్లో నిలబడిన ట్రాఫిక్ పోలీసమ్మ ఊదే మిషన్ పట్టుకుని పైకి నడిచి వచ్చింది. ముందు అక్కయ్య చేత ఊదించింది. సున్నా వచ్చింది. తర్వాత మాస్టారి భుజం తట్టింది.

మాస్టారు కళ్లు తెరిచి, "మైదానం వచ్చేసిందా?" అన్నారు.

అక్కయ్య మొహంలో రంగు మారింది. నేర్పించే మనిషి అడగవలసిన ప్రశ్న కాదది. ఆవిడ బూటు వైపు చూసింది, మాస్టారి ఎర్రటి కళ్ల వైపు చూసింది, వెనకున్న బస్సు వైపు చూసింది. ఇంతసేపూ తనకి జరిగిన పాఠం ఏమిటో అప్పుడు తెలిసి, తాళం తిప్పి చేతిలోకి తీసేసుకుంది.

"ఊదండి బాబాయిగారూ" అంది పోలీసమ్మ.

"నన్నా? నన్నే? ఇరవై ఏళ్లుగా తాగొద్దని చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న మనిషినమ్మా నేను!" అంటూ మాస్టారు గట్టిగా ఊదారు. చివర్లో మిషన్లోకి తుమ్మారు కూడా. అయినా సున్నాయే వచ్చింది.

జనానికి నిరాశ కలిగింది. మిషన్ పాడైందని ఒకరన్నారు. దానికెప్పుడూ సున్నాయే వస్తుందని ఇంకొకరన్నారు. అప్పుడు బంగారు ఫ్రేము కళ్లజోడు పెట్టుకున్న పెద్దమనిషి ఒకాయన ముందుకొచ్చాడు. ఇందాక అందరికన్నా ఎక్కువ హారన్ కొట్టింది ఆయనే.

"ఇలా ఇవ్వమ్మా, తేల్చేద్దాం. రాత్రి ఫ్రెండు ఇంట్లో నేను కాస్త పుచ్చుకున్నాను. నేను ఊదితే కూడా సున్నా వస్తే మిషన్ పాడైనట్టే."

ఊదాడు. మిషన్ కీచుమని అరిచింది.

"చూశారా! పని చేస్తోంది!" అన్నాడు పెద్దమనిషి, మిషన్ తనే తయారుచేసినంత గర్వంగా.

"చాలా థాంక్సండీ. మీ కారెక్కడుంది?" అని అడిగింది పోలీసమ్మ.

పెద్దమనిషి తన తెల్లకారు వైపు చూపించబోయి, చెయ్యి మధ్యలోనే ఆపేశాడు. "అదీ... రాత్రి తాగింది కదమ్మా. నిద్రపోయి లేచాను. తలారా స్నానం చేశాను. కాఫీ కూడా తాగాను."

"ఈ మిషనుకి స్నానాలు తెలీవండీ. తాళం ఇటివ్వండి" అంది పోలీసమ్మ.

ఆయన్ని పక్కకి తీసుకెళ్లి నిలబెట్టాక జనం మనసు మారింది. మిషన్ మంచిదని రుజువైంది, కాబట్టి మాస్టారూ మంచివారే. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కూడా కొట్టారు. నిందపోయిన ఆనందంలో మాస్టారికి ఎక్కడలేని చురుకుదనం వచ్చింది. కారు దిగి, చొక్కా సర్దుకుని, డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి చెయ్యి చాపారు.

"టైమైపోతోందమ్మా. నువ్వు పక్కకి జరుగు, నేను రెండు నిమిషాల్లో తీసుకెళ్తాను. తాళం ఇలా ఇవ్వు."

అక్కయ్య తాళం పిడికిట్లో పెట్టుకుని, పిడికిలి వీపు వెనక్కి పెట్టుకుంది.

"ఇవ్వను మాస్టారూ."

"ఏమిటీ?"

"ఇవ్వను."

జనం ఆవిడ మీదికి లేచారు. "అదేంటమ్మా, మిషన్ సున్నా అంది కదా! పెద్దాయన్ని పట్టుకుని!"

"తాగలేదని అంది. మెలకువగా ఉన్నారని అనలేదు" అంది అక్కయ్య. నేర్చుకునేవాళ్లు పక్కన లైసెన్సున్న మనిషి లేకుండా అడుగు కదపకూడదు. మాస్టారు పక్కన కూర్చోకూడదంటే తను కారు నడపకూడదు. నడపకపోతే పరీక్ష లేదు. పరీక్ష లేకపోతే సోమవారం లేదు. ఇదంతా ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. "నా పరీక్ష పోతే పోయింది మాస్టారూ. మీరు మాత్రం నడపొద్దు. కావాలంటే మీ కాళ్లు పట్టుకుంటాను."

మాస్టారికి కోపం వచ్చింది. ఇరవై ఏళ్ల అనుభవం గురించి ఒక వాక్యం మొదలుపెట్టారు, అది మధ్యలో ఆవలింత అయిపోయింది. పోలీసమ్మ ఆయన కళ్లలోకి చూసి, "పొద్దున ఏమన్నా వేసుకున్నారా?" అని అడిగింది.

"ఏముందమ్మా, జలుబుకి ఓ మాత్ర. తర్వాత షాపాయన ఇచ్చింది ఇంకోటి. తర్వాత... ఈ అమ్మాయి ఓ మూత సిరప్ పోసింది."

"అయ్యయ్యో, నేనే పోశాను!" అని అక్కయ్య తల పట్టుకుంది.

"మాత్రలేగా!" అన్నారు జనం ఏకకంఠంతో. మాస్టారి భార్య అక్కడ లేని లోటు తీరిపోయింది. "డాక్టర్లు ఇచ్చేవేగా! వాటికీ ఆపితే ఇంక రోడ్డు మీద ఎవరుంటారు?"

"ఎవరూ ఉండకపోయినా పర్లేదు" అంది పోలీసమ్మ. "బాబాయిగారూ, ఈ వంతెన దిగగానే బడి. ఇప్పుడే పిల్లల్ని దింపే టైము."

మాస్టారు ఆ మాట విని అటు చూశారు. ఫ్లైఓవర్ దిగే చోట, ఎండలో, రంగురంగుల సంచులు రోడ్డు దాటుతున్నాయి. ఆయన చాలాసేపు చూశారు. చూస్తుండగానే ఆ రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, మళ్లీ విడిపోయాయి. అది ఎండ వల్ల కాదని ఆయనకి తెలిసింది. మెల్లగా గట్టు మీద కూర్చుండిపోయారు.

"ఇవ్వకమ్మా" అన్నారు. "నేను మళ్లీ అడిగినా సరే, ఇవ్వకు." ఆ మాట పూర్తిచేసి, కూర్చున్నచోటే నిద్రపోయారు.

అక్కయ్య కారు దిగి, తాళం పట్టుకుని ఏడుస్తూ నిలబడింది. అప్పుడు జనంలోంచి ఒక బస్సు డ్రైవరు ముందుకి వచ్చాడు. రాత్రి డ్యూటీ ముగించుకుని వెనక బస్సులో ప్రయాణికుడిగా ఇంటికి వెళ్తున్నాడు.

"నాకు లైసెన్సుందక్కా. నేను పక్కన కూర్చుంటాను, మీరు నడపండి" అన్నాడు. అని, తనే మిషన్ అడిగి తీసుకుని ఊదాడు. "మా డిపోలో రోజూ ఊదిస్తారు. ఏం మింగావు, ఎంతసేపు పడుకున్నావని కూడా అడుగుతారు. మింగిందేం లేదు. రాత్రి రెండో డ్రైవరు నడుపుతుంటే బాగా పడుకున్నాను" అన్నాడు పోలీసమ్మతో.

పోలీసమ్మా, అతనూ కలిసి మాస్టారిని వెనక సీట్లో పడుకోబెట్టారు. బస్సు డ్రైవరు ముందు సీట్లో కూర్చుని, కింద ఇంకో బ్రేకు చూసి ఆశ్చర్యపోయాడు. కాళ్లు రెండూ ఎత్తి సీటు మీద మఠం వేసుకున్నాడు. "అవసరమైతే దింపుతాను. లేకపోతే దీని జోలికి పోనక్కా" అన్నాడు. దారి పొడుగునా ఆ కాళ్లు దించే అవసరం రాలేదు.

పరీక్ష మైదానంలో అధికారి పక్కన కూర్చుని, ఎత్తు మధ్యలో ఆపమన్నాడు. అక్కయ్య ఆపింది. వెనక హారన్లు లేవు, బస్సు లేదు, తిట్లు లేవు. ఇంత ప్రశాంతమైన వాలుని ఆవిడ ఆ పొద్దున చూడనేలేదు. హాఫ్ క్లచ్ మీద కారు చిన్నగా వణికింది. ముందుకి కదిలింది. వేలెడంత కూడా వెనక్కి జారలేదు. అధికారి నమ్మలేక ఇంకోసారి చేయించాడు. ఇంకోసారీ అంతే.

"క్రితంసారి ఇక్కడే కదమ్మా వెనక్కి జారారు? ఎవరు నేర్పారు?" అన్నాడు సంతకం పెడుతూ.

"మా మాస్టారండీ" అని ఆవిడ మైదానం అంచునున్న బెంచీ వైపు చూపించింది. అక్కడ మాస్టారు బస్సు డ్రైవరు భుజం మీద తల పెట్టి, నోరు తెరిచి నిద్రపోతున్నారు. అధికారి ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా కాగితం చేతికిచ్చాడు.

మాస్టారికి మధ్యాహ్నానికి తెలివొచ్చింది. జరిగిందంతా విన్నారు. కాగితం చూశారు. ఆయన నిజం దాచే మనిషి కాదు.

"వాలు నేను నేర్పలేదమ్మా. నేను నిద్రపోయాను" అన్నారు చిన్నగా.

"మెలకువగా ఉండి ఇన్నాళ్లు నేర్పారు మాస్టారూ. అప్పుడు రాలేదు" అంది అక్కయ్య. ముందు బస్సు డ్రైవరు నవ్వాడు, తర్వాత ఆవిడ నవ్వింది, చివరికి మాస్టారూ నవ్వారు. నవ్వుతూనే ఆయన కళ్లు తుడుచుకున్నారు. లేచి నిలబడి ఇద్దరికీ చేతులు జోడించారు.

"నువ్వు తాళం ఇచ్చుంటే ఏమయ్యేదో తలుచుకుంటే వణుకొస్తోందమ్మా. నీ పరీక్ష పోతుందని తెలిసి కూడా ఇవ్వలేదు. నా బిడ్డ కూడా అంత చేసేది కాదు. బాబూ, నీ పేరైనా అడగలేదు నేను."

"పేరెందుకండీ, ఇంటికెళ్లి పడుకోండి" అన్నాడు బస్సు డ్రైవరు. కానీ ఆయన కాళ్లు ఇంకా తేలిపోతున్నాయని, తనూ వాళ్లతో బయల్దేరాడు.

వీధిలోకి కారు వచ్చేసరికి అందరూ అరుగుల మీద ఉన్నారు. చిరునవ్వుతో కారు దిగింది అక్కయ్య. వెనక తలుపు తీసి, అక్కయ్య ఒక చెయ్యీ, ముక్కూ మొహం తెలియని మనిషి ఒక చెయ్యీ పట్టుకుంటే, జుట్టు రేగిపోయి, కళ్లెర్రబడి, కిందికి దిగి, సొంత ఇంటి మెట్టు దగ్గర అడుగు తప్పారు బ్రేకు మాస్టారు. వీధి ఊపిరి బిగపట్టింది.

ఆయన భార్య పరుగున వచ్చి సంగతి విని, "మూడూ కలిపి మింగారా! నేను ఇచ్చింది ఒక్కటే కదండీ!" అని గుండెలు బాదుకుంది. తర్వాత అక్కయ్యని కావలించుకుని, చాలాసేపు వదల్లేదు. మందుల షాపాయన మొహం చెల్లక షటర్ పూర్తిగా దించేశాడు.

మాస్టారు గుమ్మంలో నిలబడి వీధి వీధంతటికీ వినిపించేలా చెప్పారు. "నేను తాగలేదు. జలుబు మాత్రలు. వాటితో కూడా బండి నడపకూడదు. ఇవాళ నేను చెయ్యబోయింది తప్పు, ఈ అమ్మ ఆపింది. ఇంక నా మొదటి పాఠంలో ఇది కూడా ఉంటుంది."

"అలాగే మాస్టారూ. జలుబు మాత్రలే" అన్నారందరూ, చిన్నపిల్లాడితో మాట్లాడినంత మెత్తగా. ఇరవై ఏళ్లు నిగ్రహంగా ఉన్న మనిషి ఒక్క పూట జారితే తప్పు పట్టకూడదని అరుగుల మీద తీర్మానమైంది.

సోమవారం లాండ్రీ వ్యాను దుప్పట్లతో ఆ వీధిలోంచే వెళ్లింది, వాలు మీద ఆగకుండా ఆసుపత్రి చేరింది. కానీ ఆ శుక్రవారం సాయంత్రమే, తాగింది దిగడానికి బాగా పనిచేస్తాయని ఇంటింటి నుంచీ మాస్టారింటికి నిమ్మకాయలు వచ్చాయి. జలుబుకి కూడా మంచివే కాబట్టి ఆయన అందరికీ కృతజ్ఞతలు చెప్పి, ఒక్కటి కూడా తిప్పి పంపలేదు.